నస్యం నింపిన మందుసీసా

ఈ రోజు మా ఆయనకు మళ్లీ గుండె పట్టేసింది. డాక్టరు చెప్పినట్టే కూర్చోబెట్టాను. ఆయన వక్కల సంచిలోంచి గోలీ తీసి నాలుక కింద పెట్టుకున్నాడు. ఎప్పుడూ చురుక్కుమనే గోలీ ఈసారి సుద్దముక్కలా కరిగింది. నొప్పి తగ్గలేదు.

"గోలీలు సంచిలకెట్ల వచ్చినయ్? సీసా ఏమైంది?" అన్నాను.

"సీసా మంచిగుందని నస్యం పోసుకున్న. గోలీలు వక్కలల్ల ఏసిన. గంత పరేషాన్ ఏందే?"

గాజుసీసాలో మూత బిగించి ఉంచకపోతే మందు సత్తువ పోతుందని డాక్టరు చెప్పింది ఈయనకే! వనపర్తికి బండి పంపాను, డాక్టరు ఇంకా రాలేదు.

మీ ఇంటి మందుసీసాలో ఏముందో లేచి చూసి, నాకూ చెప్పండి. నేనిక్కడ తిడుతూనే ఉన్నాను. నలభై ఏళ్లలో మొదటిసారి, ఆయన ఎదురు మాట్లాడటం లేదు.