బొడ్డు దగ్గరి కుట్టు

మా వాడకు కేబుల్ టీవీ వచ్చిన ఏడాదే నా కడుపులోకీ కెమెరా వెళ్లింది. నాగపూర్ డాక్టర్ బొడ్డు దగ్గర ఒకటి, కింద రెండు చిన్న రంధ్రాలు పెట్టి, గర్భసంచిలోంచి రెండు గడ్డలు తీశాడు. పెద్దది సంత్రాపండంత ఉందట. నాగపూర్ వెళ్లి సంత్రా అక్కడే వదిలేసి వచ్చింది బహుశా నేనొక్కదాన్నే.

అప్పటికి పెళ్లై నాలుగేళ్లు, పిల్లలు లేరు. గడ్డల వల్లే కావచ్చు, కాకపోవచ్చు అన్నాడు డాక్టర్. ఆరు నెలలు ఆగండి, కడుపు నిలిస్తే మాత్రం నొప్పుల దాకా ఉండొద్దు, గర్భసంచి గోడకు కుట్లు వేశాను, ముందే సిజేరియన్ చేయించుకోండి అన్నాడు. ఇదంతా విన్నది నేనూ, మాజ్రి బొగ్గుగనిలో డ్యూటీ దిగి నేరుగా వచ్చి కుర్చీలో నిద్రపోతున్న మా ఆయనా. అంటే నేనొక్కదాన్నే.

బాబుపేట్‌లోని మా ఇంట్లో, కుట్లు విప్పించుకున్నాక, అత్తమ్మ నాకు తలకు పోస్తూ బొడ్డు దగ్గరి మచ్చ చూసి ఆగిపోయింది.

"ఇదేంది?"

"ఆపరేషన్ అత్తమ్మా. గడ్డలు తీసిన్రు."

"ఏంతోని తీసిన్రు?"

"దుర్బిన్‌తోని."

కడుపులోకి పంపే కెమెరా గొట్టాన్ని మా దిక్కు దుర్బిన్ అనే అంటారు. నా జీవితంలో నేను చెప్పిన నిజాల్లో అంత పనికిమాలింది ఇంకోటి లేదు. అత్తమ్మది కోర్పన దిక్కు పల్లె. అక్కడ ముగ్గురు నలుగురు పిల్లలు పుట్టాక ఆడవాళ్లను జీపులో క్యాంపుకు తీసుకెళ్లి, ఇక పిల్లలు పుట్టకుండా దుర్బిన్ ఆపరేషన్ చేసి, సాయంత్రానికి ఇంటి ముందు దించేవారు. మిగిలే గుర్తు బొడ్డు దగ్గర చిన్న మచ్చ. అత్తమ్మకూ ఉంది.

"ఒక్కరన్న పుట్టకముందే బంద్ చేయించుకున్నవా?"

"బంద్ చేయించుకోనీకి నాగపూర్ ఎందుకు పోత? జీపే ఇంటికొస్తది కదా."

జోకు పారలేదు. ఆసుపత్రి కాగితం చూపించాను. అది ఇంగ్లీషులో ఉంది. మా ఇంట్లో తెలుగు మాట్లాడతాం, మరాఠీ చదువుతాం, ఇంగ్లీషును మడిచి ట్రంకుపెట్టెలో పెడతాం.

పది నెలలకు నెల తప్పింది. ఇక అనుమానం పోయిందనుకున్నాను. అత్తమ్మ పక్కింటామెతో, "క్యాంపు ఆపరేషన్ ఒక్కోసారి ఫెయిల్ అయితది గద. దేవుడు మంచోడు" అంటుంటే విన్నాను. డాక్టర్‌కు ఆ మంచిపేరు కూడా దక్కలేదు.

నవ్వుకుని వదిలేసేదాన్నే. కానీ ఎనిమిదో నెలలో మా ఊరి డాక్టరమ్మ సిజేరియన్‌కు రోజు రాసిచ్చింది. అత్తమ్మ అడ్డం పడింది.

"నొప్పులు రాకముందే కోస్తరా? నాకు నాలుగు కాన్పులు ఇంట్లనే అయినయ్. దుర్బిన్ చేస్తే గర్భసంచిని ముట్టనే ముట్టరు."

క్యాంపు ఆపరేషన్ గురించి ఆమె చెప్పింది అక్షరాలా నిజం. నాకు జరిగింది అది కాదు, అంతే. "అమ్మ చెప్పేది గూడ ఇను" అన్నాడు మా ఆయన. కుర్చీ సంగతి గుర్తుచేశాను. డ్యూటీకి టైమైందని లేచిపోయాడు.

నొప్పులకు ఆ కుట్టు విడితే ఇద్దరం పోవచ్చని ఇంట్లో తెలిసింది నాకే. నాకు భయమేసింది. రోజంతా జోకులేసే మనిషి భయమేస్తోందంటే ఎవరూ నమ్మరు.

అత్తమ్మను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె మరాఠీలో బొమ్మ గీసి మరీ చెప్పింది. అత్తమ్మ గోడమీది పాప ఫోటోను చూస్తూ కూర్చుంది. చివరికి నేనే అందుకున్నాను.

"అత్తమ్మా, పత్తి బోరా సంచి చినిగితే ఏం చేస్తవ్?"

"కుడ్త."

"కుట్టిన బోరాల నిండ పత్తి కూరి, ఎక్కి కాళ్లతోని తొక్కుతవా?"

"పాగల్ గిట్ల అయినవా? కుట్టు ఇడ్సిపోదా?"

"నా సంచి గట్లనే ఉంది. నొప్పులంటే తొక్కుడే."

అత్తమ్మ నా కడుపు వైపు చూసింది. "క్యాంపుల సంచిని కొయ్యరు" అంది నెమ్మదిగా.

"కొయ్యరు."

"నీది కోసిన్రా?"

"కోసి, కుట్టిన్రు."

"ముందుగాల చెప్పొద్దా మరి!"

ఏడాదిన్నరగా చెబుతున్నదాన్ని, ఆ ఒక్కసారికి నోరు మూసుకున్నాను.

రాసిచ్చిన రోజే ఆపరేషన్ అయింది. డాక్టరమ్మ బయటికొచ్చి ఆడపిల్ల అని చెప్పిందట. మా ఆయన ఈసారి మేలుకునే ఉన్నాడు కాబట్టి ఈ భాగం నమ్మొచ్చు. బట్టలో చుట్టిన బిడ్డను నర్సు చేతికివ్వబోతే, అత్తమ్మ తీసుకోకుండా డాక్టరమ్మనే చూస్తూ మరాఠీలో అడిగిందట, పాత కుట్టు ఎలా ఉందని.

గట్టిగానే ఉంది అన్నాక బిడ్డ కోసం చేతులు చాచిందట.