అమ్మ రాయని అంకెలు

మొన్న ఇంటర్నెట్ పెట్టడానికి వచ్చినాయన మా ఫరంపేట ఇంటి మేడ మీద పిట్టగోడకి బిగించి ఉన్న తుప్పు గొట్టం చూసి, "అడ్డంగా ఉందండీ, కోసేయమంటారా?" అన్నాడు. వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పాలంటే మా అన్నయ్య ఉద్యోగ చరిత్రంతా చెప్పాలి, ఆయనకేమో ఇంకా మూడిళ్ళ పని ఉంది. అందుకని మీకు చెబుతున్నాను.

మా అన్నయ్య టెలికమ్యూనికేషన్స్ ప్రొఫెసరై, ఓ విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా చేసి, ఈ మధ్యే రిటైరయ్యాడు. లెక్చరర్‌గా ఉన్న రోజుల్లో అతని పరిశోధనంతా మా గోదావరి మీదే. ఆటుపోట్లకి నీరు పెరిగి తగ్గుతుంటే, దాని మీదుగా వచ్చే రేడియో సిగ్నల్ బలం ఎలా మారుతుందన్నది అతని ప్రశ్న. అవతలి ఒడ్డున ఎదుర్లంకలో ఒక ట్రాన్స్‌మిటర్ పెట్టి, ఇవతల మా మేడ మీద ఈ గొట్టానికి యాంటెన్నా బిగించాడు. దాని కింద స్టూలు మీద ఒక మీటరు. గంటకోసారి సూది ఎక్కడుందో చూసి పుస్తకంలో రాయాలి. సాయంత్రాలు నా వంతు. పగలు నేను అడవిపొలం బడిలో పాఠాలు చెప్పుకునేదాన్ని కాబట్టి, మేడ మీద వడియాలకి కాకుల్ని తోలుతూ కూర్చునే అమ్మకి ఆ పని అప్పగించాం. మీటరు చూడడం అమ్మకి నేర్పింది నేనే. మొదటి రోజే ఆ పుస్తకానికి పసుపు రాసి బొట్టు పెట్టింది.

వేసవి గడిచేసరికి వింత తేలింది. నా సాయంత్రం అంకెలు పడుతూ లేస్తూ ఉన్నాయి, అమ్మ పగటి అంకెలు మాత్రం ఎక్కడా పడలేదు. అన్నయ్య పొంగిపోయాడు. పగటి ఎండకి నది మీది గాలి సిగ్నల్ని నిలబెడుతోందని ఒక సిద్ధాంతం అల్లి, పేపరు రాసి జర్నల్‌కి పంపాడు. వేసుకుంటామని జవాబొచ్చింది. ఆ పేపరుంటే ప్రొఫెసర్ పోస్టు ఖాయమన్నారు. అమ్మయితే వీధిలో అందరికీ ముందే చెప్పేసింది.

ఇంటర్వ్యూకి నెల ముందు అన్నయ్య ఇంటికొచ్చి, నాకు బడి లేని ఓ ఆదివారం మధ్యాహ్నం తనే మీటరు ముందు కూర్చున్నాడు. సూది జారడం మొదలెట్టింది. అతను పెన్ను తీయబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగరా, తొందరేవిటి? కాసేపట్లో అదే లేస్తుంది. అప్పుడు రాసుకుందూగాని."

"నువ్వెప్పుడూ ఇలాగే రాశావా అమ్మా?"

"మరి? ఇంట్లో బియ్యం లేకపోతేనే లేవనం, నిండుకున్నాయంటాం. నీ పుస్తకంలో తగ్గిందని నా చేత్తో ఎలా రాస్తాన్రా?"

అన్నయ్య పెన్ను మూసేసి, సూది లేచేదాకా అమ్మ పక్కనే కూర్చున్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది, ముందు అమ్మ మీద, తర్వాత నా మీద. సూది చూడడం నేర్పాను గానీ, తగ్గినా రాయాలని చెప్పాలని నాకు తోచలేదు.

ఆ సాయంత్రమే పేపరు వెనక్కి తీసుకుంటున్నానని జర్నల్‌కి ఉత్తరం రాశాడు. పోస్టు ఇంకొకరికి వెళ్ళింది. మళ్ళీ కొలతలన్నీ తీసి, ప్రొఫెసర్ అయ్యేసరికి చాలా ఏళ్ళు పట్టింది. అమ్మ బతికున్నంత కాలం ఆ సెలక్షన్ కమిటీని తిట్టిపోస్తూనే ఉంది, అన్నయ్య బుద్ధిగా కూర్చుని వింటూనే ఉన్నాడు. అసలు సంగతి చెప్పొచ్చుగా అని ఒకసారి అడిగాను.

"ఏం చెప్పనే? ఆవిడ అబద్ధం రాయలేదు. ఆగి రాసింది, అంతే."

వైస్ చాన్సలరయ్యాక, కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థులకి, తగ్గిన అంకెని ముందు రాయండని చెప్పేవాడట. ఎందుకో చెప్పేవాడు కాదట. రిటైరయ్యాక ఆ పసుపు మరకల పుస్తకం నాకు పంపించేశాడు.

అమ్మ లేదు. అన్నయ్య కుర్చీ దిగాడు. నేను మెట్టు మెట్టుకీ ఆగి మేడెక్కుతున్నాను. కాలం ఎవరికీ ఏదీ తగ్గించకుండా వదలదు గానీ, ఆ పుస్తకంలో మాత్రం ఆ వేసవి పగళ్ళలో ఇప్పటికీ ఏదీ తగ్గలేదు.