మోత లేని రంపం

చెట్ల కొమ్మలు కొట్టే మేస్త్రి మళ్లీ పెట్రోలు రంపమే కొందామన్నాడు. భార్య మాత్రం దుకాణంలో పట్టుబట్టి బ్యాటరీ రంపం కొనిపించింది. "తేలిక, మోత ఉండదు" అంది.

మర్నాడు అతను చెట్టెక్కాడు. కింద తాడు పట్టుకునేది ఎప్పటిలాగే ఆవిడే. ఇన్నేళ్లూ ఆవిడ నోరు కదుపుతుంటే, జాగ్రత్తలు చెబుతోందనుకుని మురిపెంగా తలూపేవాడు. ఈసారి మాటలు వినిపించాయి.

"ఆ కొమ్మ కాదు, పక్కది. గంగిరెద్దులా తలూపుతాడే తప్ప ఈ మనిషికి ఒక్క ముక్కా చెవికెక్కదు."

మేస్త్రి కొమ్మ మీదే కొయ్యబారిపోయాడు. మెల్లగా దిగొచ్చి, బండిలో ఉన్న పాత రంపం అందుకోబోయాడు.

"అందులో పెట్రోలు లేదులే," అంది ఆవిడ తాడు సర్దుకుంటూ. "పొద్దున్నే వంపేశాను. ఎక్కు."