బిళ్ల లేనివాణ్ణి దిగనివ్వరు

శామీర్‌పేటలో మేం అద్దెకు తీసుకున్న గదిలో ఉన్నవాళ్లు: నాయన, అమ్మ, నేను. ఉన్నవి: ఇనప్పెట్టె, కిరసనాయిలు స్టవ్వు, రెండు చాపలు, నాయన గని టోపీ, ఒక ఇత్తడి బిళ్ల.

మా ఊరి బంగారు గనిలోకి దిగే ప్రతివాడూ తన బిళ్లను పైన ఆఫీసులో ఇచ్చి, పైకొచ్చాక తీసుకోవాలి. బిళ్ల అక్కడి మేకుకు వేలాడుతుంటే మనిషి కిందే ఉన్నట్టు. బిళ్ల లేనివాణ్ణి దిగనివ్వరు.

తాత దిగిన కాలంలో ఆ ఊరికి కరెంటు దీపాలు, పెద్దాస్పత్రి, బ్యాండు మేళం ఉండేవి. నాయన కాలానికి రాతిలో బంగారం పలచబడింది. గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నీళ్లు తోడే పంపులు ఆపేస్తే కింది దారులన్నీ మునిగాయి. మళ్లీ తెరుస్తారన్న మాట వినీ వినీ, చివరికి రైలెక్కి మేడ్చల్‌లో దిగాం.

అమ్మ అడిగింది ఒక్కటే, నాయన ఇక పేలుళ్ల జోలికి వెళ్లకూడదని. గనిలో పేలుడు జరిగిన రోజు అమ్మ వాళ్లన్న బిళ్ల ఆఫీసు మేకుకే ఉండిపోయింది. కానీ రాతికి మందు పెట్టడం తప్ప నాయనకు వేరే పని రాదు. రాళ్ల క్వారీలో చేరాడు.

అమ్మ గుమ్మం పక్కన మేకు కొట్టింది. నాయన పొద్దున బిళ్ల తగిలించి వెళ్లేవాడు, సాయంత్రం తీసి జేబులో వేసుకునేవాడు. పేలుడుకు గిన్నెలు కదిలితే చాలు, అమ్మ వీధిలోకి పరుగెత్తేది.

"గట్ల ఉరుకుతవేందే బిడ్డా, దినాం పేల్చేదే గదా!" అని ఇంటి ఓనరు అవ్వ నవ్వేది.

ఒకరోజు వేళ కాని వేళ పేలింది. బిళ్ల మేకుకే ఉంది. అమ్మ నా చెయ్యి పట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా క్వారీకి నడిచింది. నాయన రేకుల షెడ్డులో టీ తాగుతున్నాడు. పేలింది పక్క క్వారీ.

"ఓ మేస్త్రీ, వదినె నీ హాజరు తీస్కోను వచ్చింది సూడు!" అని ఒకతను అరిచాడు. అందరూ నవ్వారు, నాయనతో సహా. అమ్మ నవ్వలేదు.

మర్నాడు నాయన జేబులు వెతికాడు, పెట్టె వెతికాడు, చాపలు దులిపాడు.

"పొద్దయిపోతా ఉండాది, బిళ్ల ఇయ్యే."

"బిళ్ల లేదు. దిగేదానికి లేదు" అంది అమ్మ, గని గుమాస్తా గొంతుతో.

నాయన గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. తర్వాత చెప్పులు విప్పాడు.

ఆ వారమే మేడ్చల్‌లో మోటార్లు బాగుచేసే కొట్టులో చేరాడు. అక్కడా కుదురు లేదు. పొద్దున గడప దాటేముందు చెయ్యి జేబులోకి పోయేది, ఖాళీగా వచ్చేది.

ఆ గది వదిలేసిన రోజు బియ్యం డబ్బా అడుగున బిళ్ల దొరికింది. దాని మీద నాయన గని నంబరు, 417.