పెద్దకొండ దేవుడి దాహం

మయూర్‌భంజ్ అడవి అంచున పానో హేంబ్రం పులియబెట్టే హండియా అనే అన్నం కల్లుకు చుట్టుపక్కల ఊళ్ళన్నిటా పేరుంది. పానో లాంటి సంతాలు గిరిజనులు ఇంట్లో తాగడానికి, దేవుడికి పెట్టడానికి హండియా చేసుకోవచ్చు. అమ్మితే మాత్రం నేరం. పానోకి ఈ చట్టం కంఠతా వచ్చు. కాకపోతే అందులో మొదటి సగాన్నే ఆవిడ ఒప్పుకునేది.

సంత రోజు పొద్దున్నే ఆబ్కారీ ఇన్‌స్పెక్టర్ సాబత్ ఆవిడ గుమ్మంలో దిగాడు. మూలన నిండు కుండలు వరసగా కనిపించాయి.

"ఒంటి మనిషివి. ఇదంతా నువ్వే తాగుతావా?"

"నేనెందుకు తాగుతాను బాబూ? దేవుడికి."

"దేవుడు ఇంత తాగుతాడా?"

"మా దేవుడు మరాంగ్ బురు. అంటే పెద్ద కొండ. కొండకి చెంబుడు ఏ మూలకి?"

సాబత్ నవ్వలేదు. వాకిట్లో మంచం వాల్చుకుని కూర్చున్నాడు.

"అయితే నా కళ్ళ ముందే పెట్టు. కుండలు ఖాళీ అయ్యాకే కదులుతాను."

పానో ఆకుదొన్నెతో నాలుగు చుక్కలు నేల మీద వొంపి, ఏడుపు దిగమింగుకుని ఇరుగుపొరుగుని కేకేసింది. దేవుడు తాగగా మిగిలింది బిడ్డలదే కదా. చిటికెలో వాకిలి నిండిపోయింది. మధ్యాహ్నానికి కుండలన్నీ బోర్లాపడ్డాయి. చట్టం నిలబడింది, దేవుడి దాహం తీరింది, పానో సంతబేరం మాత్రం గంగలో కలిసింది.

సాబత్ జీపు కదులుతుంటే పక్కింటి కరియా మూతి తుడుచుకుంటూ అన్నాడు: "వదినా, బాబు బంగారం లాంటోడే! వచ్చే సంతకీ రమ్మని చెప్పరాదూ?"

పానో చీపురు అందుకుంది.