ఆ తుఫాను మనది కాదన్నాను

నాలుగేళ్లుగా మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

బూర్గంపాడు దగ్గర మాది మిర్చి సాగు. పక్క చేను నర్సమ్మ కౌలుకు చేసేది. ఆమెకు చదువు రాదు. వాన సంగతి నా ఫోన్ చూసి నేనే చెప్పేవాణ్ణి. ఆ డిసెంబరులో ఇద్దరి తొలి కోతా కల్లాల్లో ఆరుతోంది. తుఫాను మావైపే వస్తోందని ఫోన్లో చూశాను. కప్పడానికి నా టార్పాలిన్ పరదాలు చాలవు. ఆమెకు రెండు పెద్దవి ఉన్నాయి.

"అన్నా, ఏందో తుఫానంటున్రు. మనకేనా?" అని అడిగింది.

ఒకే పేరుతో ఏయే సముద్రాల్లో తుఫానులు వచ్చాయో చెప్పే పేజీ ఒకటి అప్పుడే నా కంటపడింది. అందులో ఎక్కడో దీవుల్లో కూలిన ఇళ్ల పాత ఫొటో ఉంది. అది చూపించాను.

"పేరొక్కటే చెల్లె. గది వేరే దేశంల. మనది కాదు. నా కాయ ఇంకా పచ్చిగుంది, మంచుకు కప్పాలె. నీ పరదాలియ్యి."

"గట్లనా? తీస్కపో అన్నా."

తానే మోసుకొచ్చి నా కల్లం మీద కప్పింది కూడా.

భయంతో చేశానా? చాలాకాలం అలాగే సర్దిచెప్పుకున్నాను కానీ, ఆమె కాయ నా కాయకంటే ఎర్రగా ఉందని సీజనంతా కుళ్లుకున్నవాణ్ణి, పరదాలు అడుగుతున్నప్పుడు లోపల ఎక్కడో సంతోషించినవాణ్ణి కూడా నేనే. అవును, సంతోషించాను.

మూడు రోజులు కురిసింది. ఆమె మిర్చి నల్లబడి బూజు పట్టింది. ఖమ్మం మార్కెట్లో వ్యాపారులు బస్తా విప్పి చూసి మొహం తిప్పుకున్నారు. కౌలు డబ్బు కట్టలేక ఆమె చేను వదులుకుంది. ఆ చేను నేనే తీసుకున్నాను. ఇప్పుడు అందులోనే ఆమె కూలికి కాయ కోస్తుంది. "ఫోన్ల తప్పొస్తే నువ్వేం జేస్తవన్నా" అని అప్పుడు నన్నే ఓదార్చింది.

మొన్న అదే పేరు మళ్లీ వార్తల్లో వచ్చింది. ఈసారి నిజంగానే దూరపు సముద్రం. మనకు చినుకు కూడా రాదని చెప్పాను. నర్సమ్మ వినలేదు. కోతలోంచి లేచి పరుగెత్తి, నిండు ఎండలో నా కల్లం కప్పేసింది. ఆ పరదాలు ఆమెవే. నేను తిరిగి ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు.

"నాకైనట్టు నీకు గావద్దన్నా" అంది.

ఆమెకు చెప్పే ధైర్యం రేపూ రాదు. మీకు మాత్రం చెప్పేశాను. కాస్త ఊపిరి ఆడుతోంది, అదే సిగ్గుగా ఉంది.