వడ్లు దంచి నన్ను పెంచిన అత్త

మా మేనత్త పోయిందని పోయిన బేస్తవారం ఆళ్లగడ్డ నుంచి మనిషొచ్చి చెప్పినాడు. నంద్యాల మిల్లులో ఇంజను ఆపి బస్సెక్కినాను. దోవంతా ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. ఐదేండ్లు నాతో పలక్కుండానే పోయింది.

తల్లి లేని నన్ను ఆమె వడ్లు దంచి పెంచింది. ఇంకా ఐదుగురు ఆడవాళ్ళతో కలిసి రైతుల ఇండ్లలో రోకలి పట్టేది. సాయంత్రం వస్తానే కొంగున కట్టుకొచ్చిన నూకలతో నాకు సంకటి చేసి, తాను గంజి తాగేది. రోట్లో బియ్యం నలిగితే పక్కవాళ్ళను తిట్టేది. "గింజకు నొప్పి తెలీకుండా పొట్టు తీయల్ల" అనేది. మనుషుల దగ్గర ఆమెకు అంత మెత్తదనం లేదు.

అరవోళ్ళ నుంచి మన రాష్ట్రం వేరుపడిన మరుసటేడు ఆళ్లగడ్డలో బియ్యం మిల్లు పెట్టినారు. ఆరుగురు వారమంతా దంచే వడ్లు అది ఒక్క పూటలో ఆడించేది. అత్త పోయి బండ్ల దోవకు అడ్డం కూర్చుంది. ఇరవై ఏండ్లు ఎవరి వడ్లు దంచిందో ఆ రైతులే మొగం తిప్పుకొని పక్కనుంచి బండ్లు తోలుకుపోయినారు. మూడో దినం మిల్లు లోపల్నుంచి నూనె చేతులతో నేను బయటికొచ్చినాను. ఆడ ఇంజను పని నేర్చుకుంటాండానని ఆమెకు చెప్పలేదు.

ఆమె లేచి నిలబడింది. నేనే ముందు నోరు జారినాను.

"నీ చేతులు చూసుకో అత్తా. ఆ కాయలు రేపు నా పెండ్లానికి వద్దు."

"ఈ కాయలు కాస్తేనే నువ్వు బతికినావు" అనింది. తర్వాత అందరికీ వినపడేట్టు, నేను తనకేమీ కానని చెప్పి పోయింది.

నా మాట తప్పని ఈ పొద్దుకూ అనుకోను. నా పెండ్లాం చేతులు మెత్తగానే ఉండాయి. కానీ ఆ ఐదుగురిలో ముగ్గురు గడివేముల దిక్కు కూలికి పోయి తిరిగి రాలేదు. మిల్లు గొప్ప చెప్పేవాళ్ళెవరూ ఆ సంగతి ఎత్తరు.

శవం దగ్గరికి ఆ ఆళ్లగడ్డ మిల్లు యజమాని పూలదండతో వచ్చినాడు. మంచి మనిషే గానీ కాలాన్ని తెలుసుకోలేదన్నాడు.

"కాలం ఆమెను ఒక్క మాటన్నా అడిగిందా అప్పా?" అన్నాను. ఆయన కూలి తిన్న నోటితోనే అన్నాను.

శవం నోట్లో పోయడానికి ఎవరో బియ్యం తెచ్చినారు. తెల్లటి బియ్యం. ఆమెతో దంచిన ముసలామె చెయ్యి అడ్డం పెట్టింది. అత్త చివరిదాకా మిల్లు బియ్యం ముట్టలేదంట. ఆమె కుండలో గింజ మిగల్లేదు, వీధిలో ఏ ఇంట్లోనూ దంపుడు బియ్యం దొరకలేదు. ముసలామె దోసెడు వడ్లు అడుక్కొచ్చి లోపలికి పోయింది.

పాడె ఎత్తకుండా, యజమానితో సహా అందరం ఎండలో నిలబడినాం. లోపల్నుంచి రోకటి పోటు వినపడతా ఉంది, ఆగి ఆగి.